యాకోబు గారికి గుంటూరు తెలియదు

చర్చిలో సంఘ పెద్దగా ఇరవై రెండేళ్లు, మిర్చి వ్యాపారిగా అంతకు పైగా గుంటూరులో బతికినవాణ్ణి. ఎవరి మీదా కక్షతో రాయడం లేదు. పోయిన ఆదివారం మా గుడిలో కోత పండుగ జరిగింది. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు చిన్నవారు. కోత పండుగ నాడు కోత గురించి చెప్పమంటే, కోసినవాళ్ల గురించి చెప్పారు.

బైబిల్లో యాకోబు పత్రిక, అంటే యాకోబు గారు రాసిన ఉత్తరం, అయిదో అధ్యాయం, నాలుగో వచనం. చేలు కోసిన పనివాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర్రపెడుతోందట, ఆ కేకలు ప్రభువు చెవిన పడ్డాయట. చదివితే చదివారు. చదివాక కళ్లద్దాలు తీసి ముందు వరుస వైపు చూశారు. ముందు వరుసలో కూర్చునేది మేము.

న్యాయానికి నేను వ్యతిరేకిని కాను. ఏటా మా కొట్టు తరఫున వేయించే క్యాలెండరు మీద మీకా గ్రంథం ఆరో అధ్యాయం ఎనిమిదో వచనమే ఉంటుంది. న్యాయంగా నడుచుకోవాలి, కనికరాన్ని ప్రేమించాలి, దేవుడి ఎదుట దీనమనసుతో ఉండాలి. కింద కొట్టు పేరు, రెండు సెల్ నంబర్లు. ఈ ఏడు నా ఫొటో కాస్త పెద్దదైంది. 'దీనమనసు' అన్న మాట మీద నా భుజం పడింది గానీ, క్యాలెండరు కొంచెం వంచి చూస్తే కనిపిస్తుంది.

ఇక కూలి సంగతి. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో ఉంది. పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగులో ఉంది. ఆ కాలానికి అది కుదిరి ఉండవచ్చు. ద్రాక్షతోట ఉపమానంలో రోజుకు ఒక దేనారం, నాణెం తీసి చేతిలో పెడితే లెక్క తేలిపోయింది. (ఆ తోట యజమాని సాయంత్రం చివరి గంటలో వచ్చినవాళ్లకూ పూర్తి కూలి ఇచ్చాడు. అలాంటి మనిషి మన మిర్చి యార్డులో ఒక్క సీజను కూడా నిలబడడు.) మా దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లకు కిలోకు ఇంత అని లెక్క. అది మేస్త్రీ చీటీలో ఉంటుంది. ఆ చీటీ గుమాస్తా దగ్గరికి రావాలి, గుమాస్తా టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, సరిచూడాలి, ఎగుమతిదారు నాకు డబ్బు వెయ్యాలి. ఇన్ని మెట్లున్నచోట మూడు వారాలు ఆలస్యం అవదా? దాన్ని బిగపట్టడం అంటే ఎలా? అయినా మా షెడ్డులో కూలి మొర్రపెట్టడం నేనెప్పుడూ వినలేదు. అక్కడ వినిపించేది దగ్గు ఒక్కటే.

దొంగత్రాసు దేవుడికి అసహ్యమని సామెతల గ్రంథంలో ఉంది. సొలొమోను గారి రోజుల్లో రాతి గుండ్లు, కాబట్టి అనుమానం సహజం. మాది ఎలక్ట్రానిక్ కాటా, గ్రాము తేడా రాదు. కొందరు రైతులు తరుగు గురించి గొణుగుతారు. నేను వినయంగా చెప్పేదేమిటంటే, తరుగు తీసేది కాటా కాదు, తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) మీద కలం. కలం గురించి సొలొమోను ఏమీ అనలేదు.

నాకు మరో పెద్ద ఆధారం దొరికింది. మత్తయి సువార్త ఇరవై మూడో అధ్యాయంలో ప్రభువు పరిసయ్యుల్ని, అంటే ఆ కాలపు యూదుల మతపెద్దల్ని, గద్దిస్తారు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు లెక్కపెట్టి ఇస్తారు గానీ న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేశారని. ఆ జాబితా నేను మూడుసార్లు చదివాను. మిర్చి లేదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే మిర్చి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి చేరేసరికి ఆ మాట అని దాదాపు పదిహేను వందల ఏళ్లు గడిచాయి. కాబట్టి ఆ వచనం జీలకర్ర వ్యాపారులకు వర్తిస్తుంది. ఇదే సంగతి పాస్టరేట్ కమిటీలో చెబితే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు చాలాసేపు నన్నే చూస్తూ ఉండిపోయారు. ఆలోచనలో పడ్డారనుకుంటా.

క్రీస్తులో యూదుడని, గ్రీసుదేశస్థుడని, దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని పౌలు గారు రాశారు. ఆ జాబితాలోనూ మన కులాలేవీ లేవు. ప్రభు భోజనపు బల్ల దగ్గర అందరికీ రొట్టె ఒకటే, గిన్నె ఒకటే. పెళ్లి సంబంధాల సంగతి వేరు, అది ఆదివారం పరిధిలోకి రాదు.

ధనవంతుణ్ణి మంచిచోట కూర్చోబెట్టి, పేదవాణ్ణి నిలబడమనడం తప్పని కూడా యాకోబు గారే రెండో అధ్యాయంలో రాశారు. (ఆయనకు మా మీద ఏదో ఉంది.) మేం ఎవర్నీ నిలబెట్టలేదు. వెనక చాపలు వేయించాం. ముందున్న కుర్చీలకు తెల్లగుడ్డలు కట్టింది అవి పాతబడ్డాయని. ఫ్యాన్ల రెక్కల మీద దాతల పేర్లు రాయించాం. దాతలు ముందు కూర్చుంటారు గనక ఫ్యాన్లూ ముందే ఉన్నాయి. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాక వాక్యం విన్న తొలితరం కుటుంబాల్లో మాదీ ఒకటి. మా తాతల నాటి పెద్దాయన ఒకరు లోపలికి రావడానికి జంకి, బయట చెట్టు కింద కూర్చుని విన్నారని మా నాయనమ్మ చెప్పేది. అందుకే ఇప్పుడు మేం ముందు కూర్చుంటున్నాం.

చివరికి అయ్యగారు సువార్తలోని పన్నులు వసూలు చేసే జక్కయ్యను తెచ్చారు. మా సండే స్కూలు పిల్లల్ని అడగండి, జక్కయ్య పొట్టివాడనీ మేడిచెట్టు ఎక్కాడనీ అభినయం చేసి మరీ చూపిస్తారు. చెట్టు దిగాక ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగు రెట్లు తిరిగిస్తానన్న సంగతి వాళ్లకు ఎవరూ నేర్పలేదు. పసిపిల్లలకు అంత అంకగణితం ఎందుకని సండే స్కూలు సూపరింటెండెంటుగా నేనే వద్దన్నాను. ఆడిటర్ని ఒక మాట అడక్కుండా అన్నంతపని చేసే మనిషి పిల్లలకు ఆదర్శమా?

ఆరాధన అయ్యాక ప్రథమ ఫలాల వేలంపాట. అరటిగెలలు, నాటుకోళ్లు, నిమ్మకాయలు. ఒక గుమ్మడికాయ వచ్చింది, మంచి బూడిదరంగు పొరతో, చంటిబిడ్డంత ఉంది. మందిరం మరమ్మతుల కోసం అయిదు వేలకు పాడాను. జనం చప్పట్లు కొట్టారు. అయ్యగారు మాత్రం మైకులో నా పేరు కాకుండా ఆ కాయ తెచ్చినావిడ పేరు చదివారు. చూస్తే మా షెడ్డులో తొడిమలు తీసే మనిషే. గుడిసె మీద పాకించిన తీగకు ఈ ఏడు కాసిన మొదటి కాయట.

నేను కలుపుగోలు మనిషిని. దగ్గరికి పిలిచి, "ఏమ్మా, కాయ బాగుంది, కాస్త కారులో పెట్టించు" అన్నాను. ఎవరిచేతా పెట్టించలేదు, తనే మోసుకెళ్లి డిక్కీలో పెట్టింది. వేళ్లన్నీ ఎర్రగా, చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అలవాటై గుడిలో కూడా అలాగే ఉంది.

డిక్కీ మూశాక కదల్లేదు. "బాబుగారూ, మూడు వారాలది..." అంది.

"ఆదివారం పూట లెక్కలేంటమ్మా, పండుగ రోజు," అన్నాను.

"సోమారం రమ్మంటారా?"

గుమాస్తాను అడిగి చెబుతానన్నాను.