ముందు పాయింట్ టూ టూ, మాగ్నమ్ సంగతి తర్వాత చూద్దాం

మొన్న సంక్రాంతి పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డప్పుడు ఇద్దరు తమ్ముళ్ళు విడివిడిగా వచ్చి ఒకటే అడిగారు, అన్నా సింగిల్ యాక్షన్ రివాల్వర్ ఒకటి కొందామనుకుంటున్నా, పందుల వేటకీ పనికిరావాలి, రేంజ్‌లో టార్గెట్ కాల్చుకోడానికీ పనికిరావాలి, .44 మాగ్నమ్ అయితే ఒక్కదానితో రెండు పనులూ అయిపోతాయి కదా అని. స్టేజి మీద పిల్లల డాన్స్ పాటలు మోగుతున్నాయి, ఆ హోరులో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇక్కడ రాస్తున్నా. నా అభిప్రాయం ఒకటే: మీ మొదటి సింగిల్ యాక్షన్ చిన్న తూటా కాల్చే, దాదాపు తన్నని .22 అవ్వాలి, గట్టిగా తన్నే పెద్ద మాగ్నమ్ కాదు. టెక్సాస్‌లో పన్నెండేళ్ళుగా కాలుస్తున్నా, ఈ మాట ఊరికే అనట్లేదు.

కానీ దానికంటే ముందు ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి తెలీదు. హెచ్‌1బి, ఎల్‌1, ఎఫ్‌1, విజిటర్ వీసా మీద ఈ దేశానికి వచ్చినవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ అడ్డు లేదు. రేంజ్‌లో అద్దె గన్‌ని పది నిమిషాలు పట్టుకున్నా అది కూడా దగ్గర పెట్టుకోవడం కిందికే వస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి నాన్న చేతికి గన్ ఇచ్చి ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చెయ్యకండి. అనుమానం ఉంటే ముందు లాయర్‌ని అడగండి, గన్ షాపు తర్వాత.

ఇక అసలు విషయం. సింగిల్ యాక్షన్ అంటే ప్రతి రౌండుకీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాలి, అలా లాగినప్పుడే తూటాలుండే గుండ్రటి సిలిండర్ ఒక గది తిరిగి కొత్త తూటా బారెల్ ఎదురుగా వస్తుంది, ఇక ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, ఆ హ్యామర్‌ని వదిలెయ్యడం. అందుకే దీని ట్రిగ్గర్ తేలిక, మూడు నాలుగు పౌండ్ల బరువుకే పడిపోతుంది, డబుల్ యాక్షన్‌లో హ్యామర్‌ని కూడా ట్రిగ్గరే లేపాలి కాబట్టి పది పన్నెండు పౌండ్లు లాగాలి. నింపడం కూడా నిదానమే, కుడిపక్క చిన్న తలుపు లాంటిది తెరిచి ఒక్కొక్క తూటా పెట్టాలి, కాల్చాక బారెల్ కింద ఉన్న కడ్డీతో ఒక్కొక్క ఖాళీ షెల్ బయటికి నెట్టాలి. 1873లో కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ వచ్చినప్పుడు పద్ధతి ఇదే, ఇవాళా ఇదే. ఇంత స్లో ఏంటి అంటారు. నాకు నచ్చేదే ఆ స్లో. వేటలో మొదటి దెబ్బే లెక్క, రేంజ్‌లో ప్రతి దెబ్బా విడిగా లెక్క, గంటకి మూడొందల రౌండ్లు పారబోసి ఏమీ నేర్చుకోకుండా ఇంటికొచ్చేకంటే అరవై రౌండ్లు ఒక్కొక్కటీ మనసు పెట్టి కాల్చడం మేలు.

నేను మొదట కొన్నది .44 మాగ్నమే. షాపులో కౌంటర్ వెనకాల ఉన్నాయన పెద్దది తీసుకో మళ్ళీ మళ్ళీ కొనక్కర్లేదు అన్నాడు, తీసుకున్నా. ఆ గన్‌కి ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం) వెనకవైపు చదరంగా ఉండేది, పేలిన ప్రతిసారీ వెనక్కి తన్ని నా మధ్యవేలి కణుపు మీద కొట్టేది. రెండో బాక్స్ అయ్యేసరికి కణుపు వాచింది, నాలుగో వారానికి ఇంకో జబ్బు పట్టుకుంది, అది కంటికి కనపడనిది. ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి ఉలికిపడటం. నాకు తెలీదు, గుళ్ళు కిందకి పోతుంటే సైట్ బాలేదనుకుని స్క్రూ తిప్పుతూ కూర్చున్నా.

రేంజ్‌లో ప్రతి ఆదివారం పక్క లేన్‌లో ఒక ముసలాయన వచ్చేవాడు, రిటైర్డ్ మెషినిస్ట్. ఒకరోజు నా గన్ ఇలా ఇవ్వు అని తీసుకుని, నాకు కనపడకుండా రెండు గదుల్లో తూటాలు, నాలుగు గదుల్లో కాల్చేసిన ఖాళీ షెల్స్ పెట్టి, సిలిండర్ తిప్పి ఇచ్చాడు. హ్యామర్ లాగాను, గురి చూశా, నొక్కా. టక్ అంది అంతే, పేల్లేదు. కానీ బారెల్ మూతి మాత్రం జానెడు కిందకి ఊగింది, పేలకపోయినా! నా కళ్ళతో నేను చూశా. ఆయన ఏమీ అనలేదు, టార్గెట్ వైపు చూపించి మళ్ళీ కాల్చమన్నాడు. ఆ సాయంత్రమే ఆయన తన .22 రివాల్వర్, రూగర్ సింగిల్ సిక్స్, నా చేతికిచ్చాడు, ఆరు నెలల పాటు ఇంకేదీ ముట్టలేదు. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు, రివాల్వర్‌తో చాలా సులువు, పక్కన స్నేహితుడు ఉంటే చాలు.

.22లో ఏది కొనాలి అంటే, డబ్బు సర్దుబాటయితే రూగర్ సింగిల్ సిక్స్ తీసుకోండి. 1953 నుంచీ ఉన్న గన్, ఉక్కు ఫ్రేమ్, వెనక సైట్ స్క్రూతో సర్దుకునేవి దొరుకుతాయి, .22 మాగ్నమ్ (.22లోనే కాస్త బలమైన తూటా) కోసం రెండో సిలిండర్‌తో కలిపి కూడా వస్తుంది. ఆ రెండో సిలిండర్‌లో మామూలు .22 లాంగ్ రైఫిల్ తూటాలు పెట్టకండి, మాగ్నమ్ గది వెడల్పు ఎక్కువ, షెల్ ఉబ్బి చిట్లిపోతుంది. అంత పెట్టలేం అనుకుంటే 2019లో వచ్చిన రూగర్ రాంగ్లర్ ఉంది, హెరిటేజ్ రఫ్ రైడర్ ఉంది, చవక, బాగానే కాలుస్తాయి, మామూలు మోడల్స్‌లో సైట్లు కదలవు అంతే. సైట్ ఎందుకు సర్దుకునేలా ఉండాలంటే, హ్యాండ్‌గన్‌లో తూటా బరువు మారితే దెబ్బ పడే ఎత్తు మారుతుంది, బరువైన నిదానం తూటా మామూలుగా పైన పడుతుంది. కదలని సైట్ అయితే గన్‌కి నప్పే తూటా వెతుక్కోవాలి, లేదా ముందు సైట్‌ని ఆకురాయితో కొంచెం కొంచెం రాయాలి, ఎక్కువ రాస్తే మళ్ళీ రాదు. పాత కోల్ట్ తరహా అందం కోసం కదలని సైట్ కోరుకునేవాళ్ళని తప్పు పట్టను, పాతకాలపు తరహా గన్స్‌తో ఆడే కౌబాయ్ యాక్షన్ పోటీలకి అవే బాగుంటాయి, కానీ వేటకీ టార్గెట్‌కీ ఒకటే గన్ అన్నప్పుడు సర్దుకునే సైట్ ఉండాల్సిందే.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. కోల్ట్ పద్ధతిలో హ్యామర్ కిందకి దించి ఉన్నప్పుడు ఫైరింగ్ పిన్ (తూటాని పొడిచి పేల్చే మొన) నేరుగా తూటా మీద ఆని ఉంటుంది, గన్ చెయ్యిజారి హ్యామర్ మీద పడితే పేలుతుంది, జనం అలాగే పోయారు. అందుకే పాతకాలం నుంచీ ఆరు గదుల గన్‌లో ఐదే నింపుతారు: ఒకటి పెట్టి, ఒకటి వదిలి, నాలుగు పెట్టి, హ్యామర్ పూర్తిగా లాగి ఖాళీ గది మీదకి జాగ్రత్తగా దించడం. కౌబాయ్ పోటీల్లో ఇప్పటికీ ఐదే. రూగర్ 1973లో న్యూ మోడల్ అని మార్చింది, లోపల ట్రాన్స్‌ఫర్ బార్ అని ఒక చిన్న ఉక్కు ముక్క ఉంటుంది, ట్రిగ్గర్ వెనక్కి నొక్కి ఉంచినప్పుడు మాత్రమే అది పైకి లేచి హ్యామర్ దెబ్బని పిన్‌కి అందిస్తుంది, నొక్కకపోతే హ్యామర్ పిన్‌ని తాకనే తాకదు. ఇందులో ఆరూ నింపొచ్చు. 1973కి ముందు రూగర్ దొరికితే కంపెనీకి పంపితే ఉచితంగా మార్చి, తీసేసిన పాత పార్ట్స్ కూడా వెనక్కి పంపుతారు. మార్చిందో లేదో తెలీని గన్ ఏదైనా సరే, ఐదే నింపండి.

సరే, ఆరు నెలలు .22 కాల్చారు, ఇప్పుడు వేటకి ఏది? నన్నడిగితే రెండో గన్ .357 రూగర్ బ్లాక్‌హాక్. అందులో తక్కువ తన్నే .38 స్పెషల్ తూటా కూడా పడుతుంది, దానితో వారం వారం టార్గెట్ కాల్చుకోవచ్చు, వేటకి మాత్రం 158 గ్రెయిన్లు (దాదాపు 10 గ్రాములు) ఆపైన బరువున్న గట్టి తూటా పెట్టుకుని నలభై యాభై గజాల లోపలే ఉండాలి. పెద్ద పందులంటే .45 కోల్ట్ నాకిష్టం, 250 గ్రెయిన్లు అంటే దాదాపు 16 గ్రాముల సీసం, మామూలు లోడ్‌లో (తూటాలో మందు మామూలుగా ఉంటే) భుజం కదిలేలా తన్నదు కానీ దగ్గర్లో లోతుగా దిగుతుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, .45 కోల్ట్‌లో రూగర్ లాంటి బలమైన ఫ్రేమ్‌కి మాత్రమే అని రాసి ఉండే లోడ్లు దొరుకుతాయి, అవి కోల్ట్ కంపెనీ గన్స్‌లో గానీ ఇటలీలో తయారయ్యే ఉబెర్టీ గన్స్‌లో గానీ పొరపాటున కూడా పెట్టకూడదు. .44 మాగ్నమ్ చెడ్డదని నేననను, కానీ కొన్నా మొదటి ఏడాది అందులో తక్కువ తన్నే .44 స్పెషల్ తూటాలు వేసి కాల్చండి. బారెల్ ఐదున్నర నుంచి ఏడున్నర అంగుళాల మధ్య ఏదైనా వేటకి బాగుంటుంది, నడుముకి కట్టుకుని రోజంతా తిరగాలంటే ఐదున్నర. పిడి పట్టుకుని చూడకుండా కొనొద్దు, పాత నాగలి మేడి లాంటి వంపు పిడి తన్నినప్పుడు అరచేతిలో పైకి దొర్లుతుంది, బిస్లీ పిడి నిటారుగా ఉండి చేతిలో నిలుస్తుంది, ఎవరి చేతికి ఏది అన్నది చదివితే తెలీదు.

రూల్స్ కూడా మీ రాష్ట్రంవి చూసుకోవాలి. టెక్సాస్‌లో దుప్పిని .22 లాంటి రిమ్‌ఫైర్‌తో (షెల్ అంచు మీద కొడితే పేలే రకం) కొట్టకూడదు, ఒహాయోలో దుప్పికి హ్యాండ్‌గన్ అంటే బారెల్ కనీసం 5 అంగుళాలు, తూటా .357 లేదా అంతకంటే పెద్దది. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, అంటే మనలో దాదాపు అందరికీ. చట్టం అలా ఉందని కాదు, ఆ క్లాసు నిజంగా బాగుంటుంది, వెళ్ళండి. ఇంట్లో పిల్లలుంటే గన్ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో, దీనిమీద బేరాల్లేవు. ఇండియా ప్రయాణానికి రేంజ్ బ్యాగ్ వాడొద్దు, ఎప్పటికీ. మూల కుట్టులో ఇరుక్కున్న ఒక్క .22 తూటా ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు, పెళ్ళికని వెళ్ళి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

దూరం విషయంలో నేను పెట్టుకున్న నియమం ఇది. మన ఫంక్షన్లలో టిఫిన్ పెట్టుకునే చిన్న పేపర్ ప్లేటు తీసుకెళ్ళి టార్గెట్‌గా పెట్టండి, కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి, ఆరుకి ఆరూ ఆ ప్లేటులో పడేంత దూరమే మీ వేట దూరం. ఐదు పడితే దగ్గరికి జరగండి. నాది నలభై గజాలు, ఇన్నేళ్ళ తర్వాత కూడా. సిలూయెట్ పోటీల్లో ఇనుప కోడిని 50 మీటర్లలో, పందిని 100లో, టర్కీని 150లో, పొట్టేలుని 200లో కొట్టేవాళ్ళున్నారు, అద్భుతం, కానీ ఇనుప బొమ్మకి తగలకపోతే నష్టం లేదు, ప్రాణానికి సగం తగిలితే అది తుప్పల్లో పడి రాత్రంతా బాధపడుతుంది.

నాకు పందుల మీద కోపం లేదు, కానీ అవి చేసే పని చిన్నప్పటినుంచీ తెలుసు. మాది అనంతపురం వైపు, కాయ ఊరే టైముకి శెనక్కాయ చేలో పందులు పడితే తెల్లారేసరికి ఎకరా దున్నినట్టు ఉండేది, నాన్న మంచె మీద డబ్బా వాయిస్తూ రాత్రుళ్ళు కూర్చునేవాడు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నిషేధం, డబ్బానే దిక్కు. ఇక్కడ లానో దగ్గర ఒక రైతు గడ్డి మైదానం మొదటిసారి చూసినప్పుడు అదే దున్నుడు, అదే పచ్చి మట్టి వాసన. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేట్ భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవిగా తిరిగే పందులకి హంటింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు (వీసా వాళ్ళకి గన్ పట్టుకోవాలంటే పైన చెప్పిన మినహాయింపు వేరు, అది మర్చిపోకండి).

పోయిన నవంబర్‌లో అక్కడికే వెళ్ళా. మొదటి సాయంత్రం మంద డెబ్భై గజాల్లో ఆగిపోయింది, అరగంట చూశా, హ్యామర్ ముట్టుకోలేదు, చీకటి పడ్డాక లేచి వచ్చేశా. రెండోరోజు పొద్దున ఓక్ చెట్టు మొదట్లో కూర్చుంటే ఒక ఆడపంది పక్కకి తిరిగి ముప్పై అడుగుల్లో నిలబడింది, దాని వెనకాల ఇంకో పంది ఉంది, అది పక్కకి జరిగేదాకా ఆగా, అప్పుడు హ్యామర్ లాగాను, ఆ చప్పుడుకి చెవులు ఎత్తింది కానీ కదల్లేదు. పందికి గుండె దుప్పి కంటే ముందుకీ కిందకీ ఉంటుంది, ముందుకాలి వెనక మడత మీద సైట్ పెట్టి నొక్కా, హ్యామర్ పడ్డాక కూడా సైట్‌ని అక్కడే ఉంచా. ఇరవై అడుగులు పరిగెత్తి పడిపోయింది. పందుల నుంచి మనకి అంటుకునే బ్రూసెల్లోసిస్ జబ్బు ఉండొచ్చని కొయ్యడానికి ముందే గ్లవ్స్ వేసుకున్నా. దానికంటే ముందు కూర్చున్న చోటే తలుపు తెరిచి, కడ్డీతో ఒక్కొక్కటీ నెట్టి అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టా, ఐదు తూటాలు, ఒక ఖాళీ షెల్, ఇంకా వెచ్చగా ఉంది.