సవరణ: 60 కిలోవాట్ల చార్జర్, 40 నిమిషాల లెక్క

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఎలక్ట్రిక్ కారు అద్దెకు తీసుకునేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో, సూర్యాపేట దగ్గర 60 కిలోవాట్ల చార్జర్ దొరికితే 40 యూనిట్ల బ్యాటరీ 40 నిమిషాల్లో పూర్తిగా నిండుతుందని రాశాను. అది తప్పు. బ్యాటరీని చార్జర్ సామర్థ్యంతో భాగించి ఊరుకున్నాను.

కారు ఎంత తీసుకోగలదన్నదే అసలు లెక్క. కారుతో వచ్చే మాన్యువల్‌లో డీసీ చార్జింగ్ (ఫాస్ట్ చార్జింగ్) పరిమితి ఉంటుంది. అది 30 కిలోవాట్లయితే 10 నుంచి 80 శాతానికి, అంటే 28 యూనిట్లకు, దాదాపు గంట పడుతుంది. 80 దాటాక బ్యాటరీ సెల్స్ దెబ్బతినకుండా కారు తనంతట తానే చార్జింగ్ వేగం తగ్గించేస్తుంది, కాబట్టి నూరు శాతం దాకా కాచుక్కూర్చోవద్దు. ఏసీ వేసుకుని వెళ్లినా మిగతా 135 కిలోమీటర్లకు 80 శాతం చాలు. బండి తీసుకునే ముందే ఆ పరిమితి ఎంతో అడగండి. ఫాస్ట్ చార్జర్ దొరకనప్పుడు మామూలు 15 ఆంప్స్ ప్లగ్‌కు పెట్టే కేబుల్ డిక్కీలో ఉందో లేదో కూడా చూసుకోండి.