బావగారు గిన్నె తోమారు

తెలుగు జాతికి శుభవార్త. మా బావగారు గిన్నె తోమారు.

చప్పట్లు అప్పుడే వద్దు. ఉప్మా మాడిన మూకుడు కాదు. అది సింకులోనే ఉంది, దాని సంగతి అక్క చూసుకుంటుంది, పెళ్ళయినప్పటి నుంచీ చూసుకుంటూనే ఉంది. బావగారు తోమింది ఆక్లాండ్‌లో ఎవరి దగ్గరో పాతది కొన్న యాభై లీటర్ల స్టీలు బీరు పీపా. దాన్ని బట్టీగా మార్చి ఇంట్లోనే సారా కాయాలని ఆయన సంకల్పం. ఏ క్రతువుకైనా ముందు పాత్రశుద్ధి జరగాలి కాబట్టి ఆ శుద్ధి మొదలైంది. ఎప్పుడు ముగుస్తుందో పంచాంగంలో లేదు.

ఇలాంటి బావగారో, పెదనాన్న కొడుకో, ఆఫీసులో పక్క సీటాయనో మీకూ ఒకరుండే ఉంటారు. తిన్న కంచం తీసుకెళ్ళి సింకులో పడేసినప్పుడు నాలుగిళ్ళకు వినపడేలా పడేస్తారు, సాయం చేశామని సాక్ష్యం ఉండాలి కదా. ఆ బాపతు మనిషి ఉన్నట్టుండి ఒక రోజు తోముడు మీద పరిశోధన మొదలుపెడితే కుటుంబ వాట్సాప్ గ్రూపు ఏమైపోతుందో ఊహించుకోండి. పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీలు పోయి పీపా లోపల టార్చిలైటు వేసి తీసిన ఫొటోలు వస్తున్నాయి. "మూడో దశ పూర్తి" అని ఒకటి. "అడుగున ఇంకా అనుమానంగా ఉంది" అని ఒకటి.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఆయన నొచ్చుకుంటారు. న్యూజిలాండ్‌లో సొంతానికి ఇంట్లో సారా కాచుకోవడం 1996 నుంచి నేరం కాదు, అమ్మితేనే నేరం. అమెరికాలో ఉన్న ఆయన తోడల్లుడికి అంత భాగ్యం దక్కలేదు. అక్కడ 1978లో తెచ్చిన చట్టం ఇంట్లో బీరు చేసుకోనిచ్చింది గానీ కాచిన సరుకును అందులో చేర్చలేదు. మన దగ్గరంటారా, ఊరి చివర తుమ్మల్లో బెల్లం ఊట కుండ కనపడితే ఎక్సైజ్ వాళ్ళొచ్చి కుండ పగలగొట్టి, ఊట పారబోసి, ఫొటో దిగి వెళ్తారు. కుండను ఏ ద్రావణంతో కడిగారమ్మా అని ఆ కాచే మనిషిని ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం పెరిగి పెరిగి, 1993 అక్టోబరుకల్లా ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం తెచ్చింది. సారా ప్యాకెట్లు ఆపించగలిగారు గానీ, పాపం, అంట్లు ఆపించలేకపోయారు.

ఇక విజ్ఞానం. మనం ఇన్నాళ్ళూ స్టీలు సామాను అనుకుంటూ అల్మరాలో బోర్లించినవి నిజానికి చాలా సున్నిత హృదయులట. మంచి స్టీలంటే 304 గ్రేడు. అందులో నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్. ఆ క్రోమియం గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గిన్నె మీద ఒక పొర కడుతుంది. మందం కొద్ది నానోమీటర్లు. తుప్పు పట్టకుండా కాచేది ఆ పొరే. దాని మనసు నొప్పించకూడదు. బ్లీచింగు నీళ్ళు పోశారా, అందులోని క్లోరైడు పొరను తొలిచి చుక్కలు చుక్కలుగా గుంతలు పెడుతుంది. మామూలు ఇనుప పీచుతో రుద్దారా, పీచులోంచి రాలిన ఇనుప రేణువులు అంటుకుని అవే తుప్పు పడతాయి. కాబట్టి ముందు వేడినీళ్ళలో సోడియం పెర్‌కార్బొనేట్ కలిపి రాత్రంతా నానబెట్టాలి. జిడ్డూ, పాచీ, పాత ఈస్టూ వదులుతాయి. వదలనిది గార. బీరు పీపాలకు లోపల పట్టే ఈ గార ముఖ్యంగా కాల్షియం ఆక్జలేటు. పెర్‌కార్బొనేట్ లాంటి క్షారానికి లొంగదు, యాసిడ్ కావాలి. అదీ అయ్యాక నిమ్మ ఉప్పు ద్రావణం పోసి ఉంచితే, పైన మిగిలిన ఇనుప రేణువులు కరిగి, పొర మళ్ళీ గట్టిగా కట్టుకుంటుంది. దీన్ని పాసివేషన్ అంటారు. ఆ తర్వాత వెనిగరు కలిపిన నీళ్ళు కాచి, ఆ ఆవిరిని గొట్టాలన్నిటిలోంచీ పంపాలి. ఆ పైన ఒకసారి చవకరకం మందు పోసి కాచి, వచ్చినదంతా తాగకుండా పారబోయాలి.

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నా బాధ కూడా అదే. అబద్ధమైతే గ్రూపులోంచి బయటికొచ్చేదాన్ని.

ఆ ఆఖరి అంకం గురించి ఒక మాట. పారబోయడానికే కాచే ఆ మొదటి విడతను "శాక్రిఫైస్ రన్" అంటారని బావగారు ఎంతో గంభీరంగా ప్రకటించారు. తెలంగాణలో కల్లు ముంత చేతికొస్తే ముందు రెండు చుక్కలు నేల మీద ఒంపకుండా తాగని పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. బోనాల్లో అమ్మవారికి ఇలాగే నేల మీద ఒంపి సాక పోస్తారు. వాళ్ళెవరికీ గాగుల్స్ లేవు.

గాగుల్స్ అన్నాను కదా, ఆ వేషం చెప్పాలి. మోచేతుల దాకా రబ్బరు గ్లవ్సులు. కళ్ళకు గాగుల్స్. ముక్కుకు మాస్కు. మెడలో ఆప్రాన్, దాని మీద ఏదో కంపెనీ ఇచ్చిన లోగో. పొడుగు బ్రష్షుకు కర్ర చాలక, దానికో పైపు ముక్క తగిలించారు. పీపాలో ద్రావణం ఉన్నంతసేపూ వంటగదిలోకి ఎవరూ రాకూడదు, రసాయనాల వాడకం జరుగుతోంది. అక్క, పిల్లలు హాల్లో కూచుని పిజ్జా తిన్నారు. పిజ్జా డబ్బాలు ఎవరు పారేశారో చెప్పక్కర్లేదు.

ఇక తెనాలి ఘట్టం. నేను ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరనిది.

స్టీలు బట్టీలో రాగి జాలీ చుట్ట ఒకటి పెట్టుకోవాలట. ఊట పులిసేటప్పుడు పుట్టే గంధకపు వాసనను ఆవిరిలోంచి రాగి పట్టేసుకుంటుంది. పట్టుకుని నల్లబడుతుంది. బావగారికి పీపాతో పాటు వచ్చిన జాలీ అప్పటికే బొగ్గులా ఉంది. దాన్ని శుద్ధి చేసే పద్ధతిని అందరికీ వివరించాలని గ్రూపులో వీడియో కాల్ పెట్టారు. ఆక్లాండ్‌లో సాయంత్రం, తెనాలిలో పొద్దున. వాళ్ళమ్మగారు వంటింటి గుమ్మం దగ్గర కింద కూచుని ఉన్నారు. ఆ రోజు శుక్రవారం. ముందు పూజ రాగి చెంబు, పక్కన గిన్నెలో నానిన చింతపండు. తెనాలిలో ఉండే ఇంకో కోడలు తోచక ఫోను ఆవిడ ఎదురుగా పీట మీద నిలబెట్టింది.

"అమ్మా, రాగి మీద నల్లటి పొర కడితే దాన్ని ఆర్గానిక్ యాసిడ్‌తో తీయాలి. నీకు అర్థమయ్యేలా చెప్తాను. పీహెచ్ అని ఒకటుంటుంది."

"చెప్పరా, వింటున్నా."

ఆవిడ చింతపండు ముద్దలో చిటికెడు ఉప్పు వేసి చెంబు చేతిలోకి తీసుకున్నారు. అబ్బాయి పీహెచ్ దగ్గర మొదలై అయాన్ల దాకా వెళ్ళాడు. ఆవిడ చెంబు అంచు పట్టుకుని బొటనవేలితో రుద్దుతున్నారు. నల్లబడ్డ పిప్పి వేళ్ళ సందుల్లోంచి జారుతోంది. అబ్బాయి ద్రావణం గాఢత గురించి చెబుతున్నాడు, ఎంత శాతమైతే మంచిదో ఇంకా ఏకాభిప్రాయం లేదట. ఆవిడ చెంబును పావు చుట్టు తిప్పారు. రుద్దిన మేర రాగి ఎర్రగా, తడిగా మెరుస్తోంది, రుద్దనిది మసకగా ఉంది, రెండిటి మధ్య గీత గీసినట్టు హద్దు. ఫోన్లో ఉన్నవాళ్ళందరం ఆ హద్దు జరగడమే చూస్తున్నాం. అబ్బాయి ఉష్ణోగ్రత దగ్గరకు వచ్చేసరికి హద్దు చెంబు వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ రెండు దోసిళ్ళ నీళ్ళు పోసి కడిగి, కొంగుతో తుడిచి, బోర్లించారు.

"అర్థమైందా అమ్మా?"

"అయింది. మీ ఊళ్ళో చింతపండు దొరకదట్రా?"

కాసేపు ఆక్లాండ్ మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాం. తర్వాత ఆవిడే అందుకున్నారు. "ఉప్పు కలిపి రుద్దేది రాగికీ ఇత్తడికీ. స్టీలుకు ఉప్పు తగలనీయకు. మీ నాన్న ఒకసారి ముచ్చటపడి స్టీలు డబ్బాలో ఉప్పు పోయించారు. అడుగంతా చుక్కలు పడి చిల్లి పోయింది. జాడీలో ఎందుకు పోస్తామనుకున్నావ్?"

"అమ్మా! దాన్ని పిట్టింగ్ కొరోజన్ అంటారు! క్లోరైడు వల్ల! నీకెలా తెలుసు?"

"తోమేదాన్ని కదరా. ఇంతకీ ఆ పీపా మీద పేరు కొట్టించావా?"

"దాని మీద కంపెనీ పేరుందమ్మా."

"పరాయి వాళ్ళ పేరున్న సామాను ఇంట్లోకి ఎందుకు తెచ్చావురా?"

కాల్ అయిపోయాక బావగారు గ్రూపులో ఇలా తేల్చారు: అమ్మ దగ్గర అనుభవం ఉంది గానీ దానికి శాస్త్రీయమైన పునాది లేదు. కింద ముగ్గురు పిన్నులు దణ్ణం బొమ్మలు పెట్టారు. చింతపండులో ఉన్నది టార్టారిక్ యాసిడ్ అనీ, ఆయన చెప్పిన ఆర్గానిక్ యాసిడ్లలో అదీ ఒకటేననీ నేను టైపు చేసి, అక్క ముఖం గుర్తొచ్చి చెరిపేశాను.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. అదే వారం, అదే గ్రూపులో, తెనాలి ఇంట్లో అంట్లు తోమే ఆవిడ సంగతి వచ్చింది. నెలకు మూడు వందలు పెంచమని అడిగిందట. బావగారు ఆక్లాండ్ నుంచి తీర్పు పంపారు: "అడిగినప్పుడల్లా పెంచుకుంటూ పోతే నెత్తికెక్కుతారు. ఉన్న నాలుగు గిన్నెలకు ఎంతసేపు పడుతుందేమిటి?"

ఎంతసేపు పడుతుందో నేను చెప్తాను బావగారూ. మీరు పీపాను రాత్రంతా నానబెట్టారు. ఆవిడకు నానబెట్టే వ్యవధి ఉండదు, ఏడున్నరకు ఇంకో ఇంటికి వెళ్ళాలి. పాలు పొంగి మాడిన గిన్నె, గుంట గుంటకూ పిండి ఎండిపోయిన ఇడ్లీ రేకులు, నిన్నటి చేపల పులుసు దాక, కుక్కరు, దాని రబ్బరు. మీకు మోచేతుల దాకా గ్లవ్సులు. ఆవిడకు పెరట్లో పంపు, సబ్బు ముక్క, అరిగిపోయిన పీచు. ఆ పీచు గిన్నెల మీద గీతలు పెడుతోందని కిందటిసారి వచ్చినప్పుడు మీరే అన్నారు. ఆవిడ గోళ్ళ మూలలు నాని, చీము పట్టి, పసుపు అద్దుకుని పనికొస్తుంది. వేళ్ళ సందులు ఒరిసిపోయి ఉంటాయి. కొద్ది నానోమీటర్ల క్రోమియం పొరకు ఏది తగలవచ్చో ఏది తగలకూడదో మీరు రాత్రిళ్ళు మేలుకుని చదివారు. ఆవిడ చేతి మీద ఉన్నదీ పొరే. దానికి ఏ సబ్బు పడదో ఏ గ్రూపులోనూ చర్చ జరగలేదు. మూడు వందలు! మీ నిమ్మ ఉప్పు పార్శిల్ ఖర్చు అంతకంటే ఎక్కువ!

మన దేశంలో ఎవరు ఎంతసేపు ఏం చేస్తున్నారో ప్రభుత్వమే 2019లో లెక్కపెట్టింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తున్నారని అప్పట్లో తేలింది. మగవాళ్ళలో ఆ పని ముట్టుకునేవాళ్ళే నూటికి 26 మంది, ముట్టుకున్నవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97లో పీపాలు కూడా కలిపారేమో. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు వారానికో సెలవు, కనీస వేతనం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం చేస్తే, మన దేశం అనుకూలంగా ఓటు వేసి వచ్చింది. సంతకం పెట్టి అమలు చేసే దగ్గర ఆగిపోయింది. చెయ్యెత్తడం సులువు, చెయ్యి తడుపుకోవడం కష్టం.

తెనాలి తీర్పు మీద పిన్నులు మళ్ళీ దణ్ణాలు పెట్టారు. అక్క అత్తగారు మాత్రం గ్రూపులో ఏమీ అనకుండా మూడు వందలూ పెంచేశారని తర్వాత తెలిసింది. గ్లవ్సులు కూడా తెప్పించారట, గానీ ఆ పనావిడ వాటిని ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంది.

ఇక పీపా. శుద్ధి ముగిసింది, సాక పోయడమూ అయింది, అసలు ఘట్టం వచ్చింది. ఊరి జ్ఞాపకం కోసమని బావగారు ఇండియన్ స్టోర్లో బెల్లం కొనుక్కొచ్చి ఊట పెట్టారు. పులిసింది. తేరుకునేదాకా ఆగే ఓపిక లేక, మడ్డితో సహా పీపాలో పోసి, లోపలుండే కరెంటు హీటరు వేశారు. మడ్డి వెళ్ళి హీటరుకు పట్టింది. వచ్చిన చుక్కా మాడు వాసన, పీపా అడుగూ మాడు. ఆ అర్ధరాత్రి గ్రూపులో ఫొటో పడింది. టార్చిలైటు వెలుగులో నల్లగా అట్టకట్టిన అడుగు, కింద ఒకే వాక్యం: "ఇది దేనితో పోతుందో ఎవరికైనా తెలుసా?"

పిన్నులు దణ్ణాలు పెట్టలేదు. తోడల్లుడు చూసి ఊరుకున్నాడు. కాసేపటికి తెనాలి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"వేడినీళ్ళు పోసి నానబెట్టి పడుకో నాయనా. పొద్దున లేచి నువ్వే తోముకో. కోడల్ని లేపకు."