సవరణ: ఫైట్ మాస్టర్ల ఆస్కార్ ఇప్పుడే కాదు

యాక్షన్ సినిమాల మీద మొన్న పెట్టిన పోస్టులో 'స్టంట్స్‌కి కూడా ఆస్కార్ వచ్చేసింది' అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోండి: 2025 ఏప్రిల్‌లో అకాడమీ ఈ విభాగాన్ని ప్రకటించింది, అంతే. 2027లో విడుదలయ్యే సినిమాలకే అది వర్తిస్తుంది. తొలి అవార్డు 2028లో, నూరవ ఆస్కార్ వేడుకలో ఇస్తారు. కాబట్టి 'మా హీరో సినిమాకి ఈ ఏడాదే గ్యారంటీ' అన్న కామెంట్లు కాస్త ఆగాలి. పైగా అది హీరోకి ఇచ్చేది కాదు బాబూ, స్టంట్స్ డిజైన్ చేసినవాళ్లకి!

'మన దగ్గర వీళ్లని పట్టించుకున్నవాళ్లే లేరు' అన్న మాటకీ సవరణ ఉంది. జాతీయ అవార్డుల్లో ఈ విభాగం 2016 సినిమాల నుంచే ఉంది. మొదటిది 'పులిమురుగన్' అనే మలయాళ సినిమాకి పీటర్ హెయిన్ అందుకున్నారు. మన 'మగధీర' ఫైట్లు గుర్తున్నాయిగా, ఆయనే. తర్వాత 'ఆర్ఆర్ఆర్'కి కింగ్ సాలమన్‌కి, 'హనుమాన్'కి నందు-పృథ్వీలకి వచ్చింది.

అవార్డు మాస్టర్ దాకా వెళ్తుంది, సరే. హీరో బదులు మేడ మీద నుంచి దూకి, కింద పేర్చిన ఖాళీ అట్టపెట్టెల మీద పడే డూపు పేరు మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనపడదు. పోస్టులోని ఆ ముక్కలో మార్పేమీ లేదు.