మూడో తరగతి ‘బి’ సెక్షన్ ఏసీ గారికి

అయ్యా,

బెంగళూరు మారతహళ్లి నుంచి నమస్కారాలు. నన్ను మీరు ఎరగరు. మీ కిందే కూర్చుని తుమ్మే పిల్లాడి తల్లిని. ఏటా ఫీజు రసీదులో మీ పేరున వేరే గడి ఉంటుంది చూశారా, అది నింపేది నేనే.

అడ్మిషన్ రోజునే మీ దర్శనమైంది. కౌన్సెలర్ అమ్మాయి లైబ్రరీ చూపించలేదు, పాఠం చెప్పేదెవరో చెప్పలేదు. తిన్నగా మీ ముందు నిలబెట్టి రిమోట్ నొక్కింది. చల్లగాలి మొహానికి తగిలిందో లేదో, మా ఆయన సంతకం పెట్టేశారు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊళ్లో, జూన్‌లో స్వెటర్ వేసుకుని స్కూలు బస్సెక్కే పిల్లలకి ఏసీ దేనికని అడగబోయి, బాగుండదని ఊరుకున్నాను.

మీతో నాకు పాతపగలేమీ లేవు. ఏప్రిల్‌లో చెన్నైలోనో విజయవాడలోనో ఎదురైతే దండమే పెడతాను. వేడికి చదువు సాగదన్నది ఉత్తమాట కాదు. అమెరికాలో హైస్కూలు పిల్లల మార్కులు దగ్గర పెట్టుకుని చేసిన పరిశోధన ఒకటి 2020లో అచ్చయింది. ఏసీ లేని బళ్లలో, ఏడాది సగటు వేడి ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏటి చదువులో సుమారు 1 శాతం పోయిందని అందులో తేల్చారు. బెంగళూరులో మాత్రం ఆ వేడి రెండు మూడు నెలల ముచ్చట. మీరేమో డిసెంబరులోనూ డ్యూటీ దిగరు.

పోనీ, చల్లబరిచి ఊరుకున్నా బాగుండేది. మీరొచ్చారని కిటికీలన్నీ బిగించేశారు. మొన్న పేరెంట్స్ మీటింగులో ఒక రెక్క తీయబోతే ఆయమ్మ పరుగున వచ్చి, “కిటకి తెగీబేడి మేడమ్, ఏసీ ఆన్ ఇదె” అని కన్నడంలో అంది, ఏసీ నడుస్తోంది కిటికీ తీయొద్దని. మీబోటి స్ప్లిట్ ఏసీలు బయటి గాలి లోపలికి తేవు కదా. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లగా వడ్డిస్తారు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం. నలభైమంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే ఊపిరి పంచుకోవాలి. మా అపార్టుమెంటులో ఒకాయన గాలిలో ఆ కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మీటరు జేబులో వేసుకొచ్చారు (బెంగళూరు కదా, అంతస్తుకొకరు ఇలాంటివాళ్లు ఉంటారు). ఆరుబయట 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దగ్గర ఉండే అంకె, మీటింగు సగమైనా కాకముందే 2000 దాటింది. సరిగ్గా అప్పుడే మిస్ నాతో, “మధ్యాహ్నం తర్వాత మీవాడికి అసలు కాన్సన్‌ట్రేషన్ ఉండట్లేదండీ” అన్నారు. అంటూనే ఆవిడ ఆవలించారు.

మీ గొంతు సంగతి కూడా చెప్పుకోవాలి. ఖాళీ తరగతి గదిలో చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని అమెరికావాళ్లు 2002లోనే ప్రమాణం రాసుకున్నారు. మీరు సర్వీసింగ్ మొహం చూసి ఎన్నాళ్లయిందో గానీ, గురక పెడతారు. మెంటల్ మ్యాథ్స్‌లో మిస్ “ఫిఫ్టీన్” అంటే వెనక బెంచీకి “ఫిఫ్టీ” అని వినబడుతుంది. మార్కు పోయేది మాత్రం వాడిది.

మా మామగారు హిందూపురంలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆన్యువల్ డేకి తీసుకెళితే స్టేజీ వైపు చూడకుండా ఈ గదిలోకి నడిచారు. “వెలుతురు ఎడమ పక్క నుంచి పడేట్టు బెంచీలు వేస్తాంమ్మా, రాసే చెయ్యి నీడ పుస్తకం మీద పడకుండా. ఇక్కడ కిటికీలు సరిగ్గానే పెట్టినారు, పరదాలెందుకు వేసినారు?” అన్నారు. చలవ పోకుండా మీకోసం కొంత, తెర మీద మెరుపు పడకుండా మీ మిత్రుడు స్మార్ట్‌బోర్డు కోసం కొంత అని చెప్పాను. పట్టపగలు ట్యూబులైట్ల కింద నిలబడి ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇంగ్లండులో 27 ప్రైమరీ బళ్లలోని 153 తరగతి గదుల్లో 3,766 మంది పిల్లల్ని చూసి 2015లో ఒక నివేదిక ఇచ్చారు. ఏడాది చదువులో పిల్లల మధ్య కనబడ్డ తేడాల్లో 16 శాతం దాకా గది తీరుతో ముడిపడినవేనట. వెలుతురు, గాలి, ఉష్ణోగ్రత పెద్దపీట వేయించుకున్నాయి. ఈ మూడింటిలో మీరు ఒకదాన్ని చూసుకుంటూ రెండింటిని గెంటేశారు.

ఇంకో సంగతి మీ చెవిన వేయాలి. మీ ఔట్‌డోర్ యూనిట్‌ని వరండాలో బిగించారు, నాన్ ఏసీ ‘సి’ సెక్షన్ గుమ్మానికి ఎదురుగా. మీ వేడి వాళ్లకి ఉచితం. దానికి ఫీజులో గడి లేదు.

అయినా నేను తెగించాను. వచ్చే ఏడు మావాణ్ణి ‘సి’లో వేయమని ఆఫీసుకి వెళ్లాను. కిటికీలు తెరిచే ఉంటాయి, వేడిగాలి మాట ఎలాగోలా చూసుకుందాం అనుకున్నాను. సీట్లు లేవన్నారు. ఈ స్కూలు టీచర్ల పిల్లలందరూ అక్కడే చేరారట.

ఇట్లు,
ఎప్పటిలాగే మీ గడి నింపిన,
ఒక అమ్మ