ఆగ్నేయం లేని స్కానరు

మేము కిరాణా కొట్టు మేడ మీద అద్దెకుంటున్నాం. కొట్టాయన్ని బాబాయిగారు, ఆవిడని పిన్నిగారు అంటాం గానీ చుట్టరికమేం లేదు. తణుకులో ఇంటివాళ్ళని వరస కలిపి పిలిస్తే అద్దె పెంచడానికి మొహమాటపడతారని మా ఆవిడ నమ్మకం.

మొన్న శనివారం పొద్దున్నే పాలపాకెట్టు కోసం దిగాను. డబ్బు కట్టడానికి ఫోను తీసి కౌంటరు మీద క్యూఆర్ కోడ్ స్కానరు బోర్డుకి చూపిస్తే కెమెరా వెతుకుతోంది, వెతుకుతోంది, ఎంతకీ పడదు. జేబులో చిల్లర లేదు. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచేలోగా లోపలి గుమ్మంలోంచి పిన్నిగారు వచ్చారు. నేను నోరు మూసుకుని కందిపప్పు బస్తా పక్కకి జరిగాను.

పిన్నిగారు: ఏవండీ, ఈ మూలన ఈ నల్లపెట్టె ఏంటి?

బాబాయిగారు: ఏ మూలన?

పిన్నిగారు: స్కానరు బోర్డు మీద. కింద, కుడిపక్కన. మొన్నటిదాకా లేదిది.

బాబాయిగారు: మొన్నటిదాకా లేకపోవడమే కదా లోపం! గురువారం రాత్రి కొట్టు కట్టేశాక తీరిగ్గా చూశాను. పైన రెండు మూలలా రెండు పెట్టెలున్నాయి. కింద ఎడమపక్కన ఒకటుంది. కుడిపక్క ఖాళీ. వాయవ్యం ఉంది, ఈశాన్యం ఉంది, నైరుతి ఉంది. ఆగ్నేయం లేదు.

పిన్నిగారు: ఏం లేదూ?

బాబాయిగారు: ఆగ్నేయమే. పొయ్యి మూల లేని కొంపలో అన్నం ఉడుకుతుందా? ఈమధ్య బేరాలు తగ్గాయంటే ఊరికే తగ్గాయా మరి?

పిన్నిగారు: పెసరపప్పులో పురుగుందని తెచ్చి చూపించినావిడతో, "దానికి డబ్బులక్కర్లేదమ్మా, ఉంచుకో" అన్నారు. అందుకు తగ్గాయి.

బాబాయిగారు: అది జోకు.

పిన్నిగారు: ఆవిడ నవ్వలేదు. మళ్ళీ రాలేదు కూడా. దేంతో గీశారిది?

బాబాయిగారు: బస్తాల మీద నంబర్లేసే మార్కరుతో. స్కేలు పెట్టి గీశానే! చూడు, ఆ మూడింటికన్నా ఇదే తిన్నగా వచ్చింది.

పిన్నిగారు: నిలబెట్టిన బోర్డుకి దిక్కులేంటండీ? ఉత్తరం ఎటు దీనికి? ఆకాశం వైపా?

బాబాయిగారు: మ్యాపులో పైన ఉత్తరమేగా.

పిన్నిగారు: ఓహో. మరి మీరు మ్యాపులో కూర్చుని పంచదార కడుతున్నారా, తణుకులోనా?

బాబాయిగారు: అక్కడ ఓ బుల్లి పెట్టె ఉందనుకో. నేను కాదనను. అంటే ఏంటి? పొయ్యి తెచ్చి పెట్టారు, వంటగది కట్టలేదు. నేను కట్టాను.

పిన్నిగారు: ఆ బుల్లి పెట్టె మీదే కట్టారు! అదిప్పుడు మీ వంటగది కింద సమాధైంది. అవునూ, అంతంత కంపెనీలవాళ్ళకి తెలియని లోపం మీకొక్కరికే కనిపించిందా?

బాబాయిగారు: తెలియక కాదే పిచ్చిదానా. కావాలనే ఆపారు. కమీషన్ ముట్టజెబితే నాలుగోది వేస్తారు.

పిన్నిగారు: కమీషన్ లేదు మహానుభావా. బ్యాంకు ఖాతాలోంచి ఖాతాలోకి యూపీఐలో వచ్చేదానికి కొట్టువాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదని 2020 జనవరి నుంచీ రూలుంది.

బాబాయిగారు: అద్దీ! పైసా రాని పనికి ఎవడు నాలుగు మూలలూ వేస్తాడే? మూడేసి చేతులు దులుపుకున్నాడు.

ఈ మాటకి నేను నవ్వి ఉంటే అద్దె సంగతి ఏమయ్యేదో తెలియదు. బస్తా మీద పేరు చదువుతున్నట్టు తల వంచుకున్నాను.

పిన్నిగారు: చూడండీ. మా డ్వాక్రా మీటింగుకి బ్యాంకు మిత్ర అమ్మాయి వచ్చి ఇదంతా విడమరిచి చెప్పింది. ఈ క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో పుట్టింది. కార్ల ఫ్యాక్టరీలో సామాన్లు లెక్కపెట్టుకోడానికి చేసుకున్నారు.

బాబాయిగారు: జపాన్‌లో వాస్తు చూడరుగా. అందుకే మర్చిపోయారు.

పిన్నిగారు: మర్చిపోయి, ముప్పై ఏళ్ళు లోకమంతా వాడేసి, మీరు కొట్టు కట్టేసేదాకా కాచుకున్నారు. పూర్తిగా వినండి. ఆ మూడు పెట్టెలు చూసి ఫోను దీని తల ఎటో కాళ్ళెటో పోల్చుకుంటుంది. పెట్టె లేని మూల ఎటుందో, అది కింద కుడిపక్కన్నమాట. అందుకే బోర్డు తలకిందులుగా పెట్టినా చదువుతుంది, పక్కకి పడేసినా చదువుతుంది. ఇప్పుడు మీరు నాలుగూ నింపేశారు. తిప్పండి ఒకసారి. ఆ, ఇంకోసారి. ఏమన్నా తేడా కనిపిస్తోందా?

బాబాయిగారు: లేదు. ఎటు చూసినా నిండుగా, లక్ష్మీకళగా ఉంది.

పిన్నిగారు: అదే రోగం! ఎటు చూసినా ఒక్కలాగే ఉంటే ఫోనుకి దిక్కెలా తెలుస్తుంది?

బాబాయిగారు: ఏమన్నావ్? ఇంకోసారి అను.

పిన్నిగారు: దిక్కెలా తెలుస్తుంది అన్నాను.

బాబాయిగారు: దిక్కులున్నాయని ఒప్పుకున్నావుగా! ఇప్పటిదాకా ఆకాశమా, తణుకా అని ఎకసెక్కాలాడిందెవరు?

పిన్నిగారు: (చీపురు కోసం ఇటూ అటూ చూసి, కనపడక) దీని ఒంట్లో కొంత పాడైనా మిగతాదాంతో లెక్క సరిచూసుకుంటుందండీ. మీరు పప్పుల చేత్తో ముట్టుకున్నా, పసుపు పడినా తట్టుకుంటుంది. గట్టిరకమైతే నూటికి 30 వంతుల దాకా చెడినా చదువుతుందట. అంత మొండిదాన్ని కూడా పడగొట్టారు మీరు.

బాబాయిగారు: పూర్తిగా పడిపోలేదుగా. నిన్న నాలుగైదు ఫోన్లకి పడింది.

పిన్నిగారు: పడనివాళ్ళని ఏం చేశారు?

బాబాయిగారు: అరువు పుస్తకంలో రాసుకున్నాను.

పిన్నిగారు: ఎన్ని పేజీలు?

బాబాయిగారు: ...మూడు.

పిన్నిగారు: శభాష్. స్కానరు పెట్టిందే అరువు తగ్గించడానికి. అయినా స్కానరంటే మీకు బుద్ధి రావాలి కదా? పోయినేడు ఆ మిలటరీ ఆఫీసరు గుర్తున్నాడా? "క్యాంపుకి ఐదు బస్తాల బియ్యం కావాలి, అడ్వాన్సు పంపిస్తా, ఈ స్కానరు కొట్టి పిన్ను వెయ్యండి" అన్నాడు. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు, పిన్ను కొట్టామంటే పోవడమే అని నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే మీ వేలు మూడో అంకె మీదుంది.

బాబాయిగారు: వాడు పంపిన స్కానరుకీ ఆగ్నేయం లేదు తెలుసా? అందుకే అది మోసపు స్కానరు అయ్యింది.

పిన్నిగారు: ఆ రోజు మీ చేతి మీద నేనొక్కటి వెయ్యకపోతే ఉండేది మీకు ఆగ్నేయం.

బాబాయిగారు: వేశావుగా. ఇప్పటికీ ముసురు పడితే మణికట్టు లాగుతుంది.

పిన్నిగారు: లాగనివ్వండి. ఖాతాలో ఇరవై నాలుగు వేలు మిగిలాయి. (కాస్త ఆగి) ఏ చెయ్యి? ఇదేనా? రాత్రి చెప్పొచ్చుగా, కాపడం పెట్టేదాన్ని.

ఇక్కడితో ఆగిపోయేదే. బాబాయిగారు తెలివైనవారైతే చెయ్యి చాపి ఊరుకునేవారు. కానీ ఆయనకి గెలిచిన మాట దగ్గర ఆగడం తెలియదు, ఓడిపోయిన మాట దగ్గర అసలే తెలియదు.

బాబాయిగారు: ఒక్క మన స్కానరైతే ఏదో అచ్చు తప్పనుకోవచ్చే. ఇస్త్రీ బండి కుర్రాడి దానికీ ఆగ్నేయం లేదు.

పిన్నిగారు: మీకెలా తెలుసు?

బాబాయిగారు: చూశాను.

పిన్నిగారు: చూసి?

బాబాయిగారు: చూసి వదిలేసి వస్తే మనిషినేనా నేను? పాపం, రోజంతా బొగ్గుల పెట్టెతో కష్టపడే కుర్రాడు. వాడికే అగ్ని మూల లేకపోతే ఎలా?

పిన్నిగారు: ఇంకా ఎవరెవరివి గీశారు?

బాబాయిగారు: పునుగుల బండి. ఆయనది కూడా పొయ్యితో పనేగా. పంక్చరు షాపు. ఆ పక్కన కొబ్బరిబొండాలు.

పిన్నిగారు: అయ్యో, అయ్యో! వాళ్ళ చేత స్కానర్లు పెట్టించడానికి నేను ఎన్ని మధ్యాహ్నాలు ఈ వీధిలో తిరిగానో తెలుసా! పునుగులాయన ఆధార్ ఒకచోట, బ్యాంకు బుక్కు ఇంకోచోట. ఇస్త్రీ కుర్రాడు ఫోను నంబరు మార్చేసి బ్యాంకులో చెప్పనేలేదు. ఒక్కొక్కళ్ళని వెంటబెట్టుకుని... ఆగండాగండి. పూలమ్మి?

బాబాయిగారు: (పంచదార పొట్లానికి దారం చుడుతూ) ఆ?

పిన్నిగారు: పూలమ్మి స్కానరు కూడా గీశారా?

బాబాయిగారు: ఆవిడే అడిగింది. బలవంతపెట్టి గీయించుకుంది.

పిన్నిగారు: నిన్న శుక్రవారం! సాయంత్రం గుడి దగ్గర ఆవిడకి ఊపిరాడని బేరం. చదువురాని మనిషండీ. ఫోన్లో ఏమొచ్చిందో చూసుకోలేదు. డబ్బాలోంచి "ఇరవై రూపాయలు అందాయి" అని వినపడితేనే డబ్బు వచ్చినట్టు లెక్క. నిన్న ఏడింటికి పరిగెత్తుకుంటూ వచ్చింది, డబ్బాకి నోరు పడిపోయిందమ్మా అని. నేను ఛార్జింగు పెట్టాను. సిమ్ము చూశాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. రాత్రి పదింటిదాకా దాని ముందు కూర్చుని "మాట్లాడవే తల్లీ" అని బతిమాలాను. మీరు పక్కనే కూర్చుని మజ్జిగన్నం తింటున్నారు! ఒక్క మాట చెప్పారా?

బాబాయిగారు: డబ్బా సంగతి నాకేం తెలుసు? నేను ముట్టుకున్నది బోర్డునే.

పిన్నిగారు: (ఉన్నట్టుండి చెయ్యి జడ మీదకి పోయింది) ఇదిగో, నిన్న రాత్రి మీరు తెచ్చిన మల్లెపూలు.

బాబాయిగారు: బాగున్నాయి కదూ.

పిన్నిగారు: పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. అడక్కుండా మూర పూలు తెచ్చిన పాపాన పోలేదు మీరు. నిన్న రెండు మూరలు తెచ్చారు. ఏమైందో, డాక్టరు ఏమన్నా చెప్పాడేమో, నాతో దాస్తున్నారేమోనని నాకు అర్ధరాత్రిదాకా నిద్రపట్టలేదు. వాస్తు ఫీజా ఇవి?

బాబాయిగారు: ఫీజు కాదే. కృతజ్ఞత.

పిన్నిగారు: ఆవిడ బేరం మొత్తం పడగొట్టి, ఆవిడ పూలే తెచ్చి నాకు పెట్టారు!

బాబాయిగారు: తీసెయ్ అయితే.

పిన్నిగారు: ఎందుకు తీస్తాను? రెండు మూరల డబ్బులు ఆవిడకి ఇచ్చి రండి. తర్వాత ఆలోచిస్తాను.

అని లోపలికెళ్ళి, కరోనా రోజుల్లో కొన్న శానిటైజరు సీసా తెచ్చారు. అటక మీద ఇంకా అరడజను ఉన్నాయట. పాత జాకెట్టు గుడ్డ తడిపి బోర్డు మూలన రుద్దారు. నల్లపెట్టె ముందు బూడిద రంగుకి తిరిగింది, తర్వాత సాగింది, తర్వాత గుడ్డలోకి దిగిపోయింది. దాని కింద బుల్లి పెట్టె బయటపడింది. బాబాయిగారు ఆ మూలవైపు చూడలేక తక్కెడ రాళ్ళు వరసగా పేర్చుకున్నారు. రెండేళ్ళయింది ఎలక్ట్రానిక్ కాటా కొని. ఆ రాళ్ళు మాత్రం తీసెయ్యరు.

పిన్నిగారు తన ఫోను తీసి బోర్డుకి చూపించారు. చూపించీ చూపించకముందే పడింది.

"ఒక రూపాయి అందింది," అంది డబ్బా.

బాబాయిగారు: ఎవరి ఖాతాలోంచి?

పిన్నిగారు: నాదే. డ్వాక్రా ఖాతా.

బాబాయిగారు: మరి రాసుకోవాలిగా. మనకి లెక్కంటే లెక్కే.

పిన్నిగారు: రాయండి, రాయండి. మూడు పేజీల అరువు నోరెత్తకుండా రాశారు, నా రూపాయి దగ్గరకొచ్చేసరికి లెక్కొచ్చింది.

ఆయన అరువు పుస్తకం తీసి, వెనక అట్ట వైపు నుంచి తిప్పి, చివరి పేజీ తెరిచారు. పిన్నిగారు తొంగిచూశారు. నేనూ చూశాను, అది తప్పే. ఆ పేజీలో ఒకటే పద్దుంది, సిరా గోధుమరంగుకి తిరిగింది. 2016 నవంబరు 9, ఇంట్లో, 11,000.

పిన్నిగారు: ఇది... నా పోపులడబ్బా డబ్బు.

బాబాయిగారు: ఇరవై రెండు ఐదొందల నోట్లు. రాత్రి ఎనిమిదింటికి టీవీలో నోట్ల రద్దన్నారు, తెల్లారేసరికి ఇంగువ వాసనతో సహా నా ముందు పెట్టావు. బ్యాంకు లైన్లో ముందువాడు వెనక్కి తిరిగి ఈ వాసనేంటండీ అన్నాడు కూడా.

పిన్నిగారు: ఇంకా కొట్టెయ్యలేదా ఈ పద్దు?

బాబాయిగారు: కొట్టేస్తే నువ్వు అడగడం మానేస్తావు.

పిన్నిగారు ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అలాంటిది అరుదు, కనీసం అర నిమిషం పట్టింది. ఆయన కింద గీత గీసి, "11,001" అని రాశారు. గీతకి స్కేలు వాడారు.

పిన్నిగారు: ఆ స్కేలు ఇటివ్వండి. మార్కరు కూడా.

బాబాయిగారు: మార్కరెందుకే? బస్తాలకి కావాలి.

పిన్నిగారు: బస్తాలకి బొగ్గుతో రాయండి. ఇదిగో సీసా, ఇదిగో గుడ్డ. ముందు పూలమ్మి, తర్వాత మిగతావాళ్ళు. పంక్చరు షాపు అతనిది ఉత్త కాగితం, తుడిస్తే చిరుగుతుంది. దానికి కొత్తది మీ ఖర్చుతో తెప్పించండి.

బాబాయిగారు: వాళ్ళకేమని చెప్పను? వాస్తు ప్రకారం వేసి, మళ్ళీ నేనే తుడిస్తే పరువేం కాను?

పిన్నిగారు: ఆగ్నేయంలో నీళ్ళు పడ్డాయి, దోషం వచ్చిందని చెప్పండి. నమ్ముతారు. గీసింది నమ్మినవాళ్ళు తుడిచేది నమ్మరా?

బాబాయిగారు సీసా పట్టుకుని చెప్పులేసుకున్నారు. మెట్టు దిగి రెండడుగులు వేశారో లేదో, నేను ఇదే అదననుకుని ఫోను తీసి బోర్డుకి చూపించాను.

"ముప్పై ఐదు రూపాయలు అందాయి," అంది డబ్బా.

బాబాయిగారు: (వీధిలోంచి) ఎవరిదే అది?

పిన్నిగారు: మేడ మీద అబ్బాయిది. పాలపాకెట్టు. ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాడు పాపం.

బాబాయిగారు: ఇక్కడే అంటే? ఏ మూలన?