చిత్తూరు, తిరుపతి స్ట్రైకర్లకు కావలసింది లీగ్

ఇంగ్లండ్ స్ట్రైకర్ జేమీ వార్డీ కథ మన ఫుట్‌బాల్ కుర్రాళ్లకు కంఠతా వచ్చు. షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ పదహారేళ్లకే పొమ్మంది. స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి జట్టుకు ఆడుతూ ఫ్యాక్టరీలో పని చేసుకున్నాడు. హాలిఫాక్స్, ఫ్లీట్‌వుడ్ దాటుకుని 2012లో పది లక్షల పౌండ్లకు లెస్టర్ చేరాడు. 2015-16లో 24 గోల్స్ కొట్టి ప్రీమియర్ లీగ్ కప్పు ఎత్తాడు. సెలక్షన్స్ లిస్టులో పేరు రాని పిల్లవాడి భుజం తట్టి పీఈటీ సార్లు చెప్పేది ఈ కథే. మంచి మనసుతోనే చెబుతారు, కానీ సగమే చెబుతారు. ఇంగ్లండ్‌లో ఏడో అంచె, ఎనిమిదో అంచె జట్లకు కూడా ఏడాదికి నలభై దాకా లీగ్ మ్యాచ్‌లుంటాయి. పెద్ద క్లబ్ వద్దన్న తర్వాత కూడా వార్డీకి వారం వారం మ్యాచ్ దొరికింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా కుర్రాడికి పట్టుదలకేం లోటు లేదు. దొరకనివి ఆ మ్యాచ్‌లే.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే చాలావరకు టోర్నమెంటే. 16 జట్లతో నాకౌట్ పెడితే మొత్తం 15 మ్యాచ్‌లు. ఎనిమిది జట్లు ఒక్క ఆటతో ఇంటిదారి పడతాయి. గోల్‌కీపర్‌కో డిఫెండర్‌కో ఆ ఒక్క ఆటలోనూ చేతినిండా పని ఉంటుంది. ఫార్వర్డ్‌కు, అంటే గోల్ కొట్టాల్సిన స్ట్రైకర్‌కు, అలా కాదు. పెద్ద లీగ్‌ల లెక్క ప్రకారం సగటున పది షాట్లకు ఒక గోల్. మ్యాచ్‌కు మూడు షాట్లు దొరికాయనుకున్నా, రెండు మ్యాచ్‌ల్లో ఆరు. ఆ ఆరింట్లో ఒక్కటీ గోల్ కాకపోయే అవకాశం సగానికి పైనే. అంటే నిజంగా మంచి స్ట్రైకర్ కూడా మన టోర్నమెంట్లలో సున్నాతో తిరిగిరావచ్చు. ఏ గొప్పా లేనివాడు గోల్‌కీపర్‌కో బార్‌కో తగిలి తిరిగొచ్చిన రెండు బంతులు కొట్టి బెస్ట్ ప్లేయర్ కప్పు అందుకోవచ్చు. అదే లీగ్ పెట్టి 14 మ్యాచ్‌లు ఆడిస్తే నలభై షాట్లు పడతాయి, అప్పుడు ఎవడు ఏమిటో తేలుతుంది.

సెలక్షన్స్ ఇంకా అన్యాయం. వంద మంది వస్తారు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాల ఆట. ఒకరికొకరు తెలియని పదకొండు మంది, ఎవడికి వాడు కనబడాలనే ఆరాటం. మిడ్‌ఫీల్డర్ డ్రిబ్లింగ్ చూపిస్తాడే తప్ప బంతి వదలడు. ముందున్న స్ట్రైకర్ ఎంత తెలివిగా పరిగెత్తినా బంతి రాదు. చూసేవాళ్లు బంతినే చూస్తారు కాబట్టి అతను వాళ్ల కంటికి ఆననే ఆనడు.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండేళ్లు తగ్గించి రాయించిన పిల్లవాడు అండర్-15లో వేగంతోనే గోల్స్ కొట్టేస్తాడు. డిఫెండర్ వీపు వెనక నుంచి జారుకోవడం, ఆఫ్‌సైడ్ లైన్ చూసుకుని ఆగి కదలడం నేర్చుకునే అవసరమే పడదు. పద్దెనిమిది నిండేసరికి మిగతావాళ్లు అతని వేగాన్ని అందుకుంటారు. గోల్స్ అక్కడితో ఆగిపోతాయి. ఇక ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) యూత్ లీగ్‌ల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, అక్కడే దొరికిపోయేవాళ్లూ ఉంటారు.

ప్రాక్టీసులోనూ పెద్ద లోపం ఉంది. గోల్ ముందున్న పెనాల్టీ బాక్సు అంచున బంతులు వరసగా పేర్చి ఒక్కొక్కరినీ పిలిచి షూట్ చేయిస్తారు. మ్యాచ్‌లో అలా కదలకుండా ఎదురుచూసే బంతి పెనాల్టీకో ఫ్రీకిక్‌కో తప్ప దొరకదు. ఎక్కువ గోల్స్ బాక్సు లోపల, ఒకే టచ్‌తో పడతాయి. మైదానం పక్క అంచున ఆడే వింగర్ గోల్ లైన్ దాకా వెళ్లి వెనక్కి నేలబారుగా కోసిన బంతిని పెనాల్టీ స్పాట్ దగ్గర, అంటే గోల్‌కు 11 మీటర్ల లోపు, అందుకోవాలి. ముందు దూరపు పోస్టు వైపు రెండు అడుగులు వేసి, డిఫెండర్ అటు తిరగగానే దగ్గరి పోస్టు వైపు దూకాలి. ఇది వారానికి రెండు రోజులు, రోజుకు అరవై బంతులు, సగం ఎడమ కాలితో చేయించాలి. గట్టి మట్టి నేల మీద బంతి ఎగిరొస్తుంది, కుర్రాడు వెనక్కి వాలి కొడతాడు, అది బార్ మీదుగా పోతుంది. ఆనించిన పాదం బంతి పక్కనే ఉండాలి, కొట్టే మోకాలు బంతి మీదికి రావాలి. అలాంటి నేల మీద మెటల్ స్టడ్స్ దిగవు, చీలమండ మెలిపడుతుంది. పొట్టి రబ్బరు స్టడ్సే మేలు. ఈ కుర్రాడే బెంగళూరులో కృత్రిమ టర్ఫ్ మీద దిగితే బంతి నేలనంటి జారుకొస్తుంది, ఫస్ట్ టచ్ మీటరు దూరం పోతుంది. ట్రయల్‌కు ముందు నెల రోజులైనా అద్దె టర్ఫ్ మీద ఆడకపోతే మొదటి పది నిమిషాల్లోనే పేరు కొట్టేస్తారు.

పైకి వెళ్లినా స్ట్రైకర్ స్థానం ఇరుకే. 2014 నుంచి 2024-25 దాకా ఇండియన్ సూపర్ లీగ్ పదకొండు సీజన్లలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికీ రాలేదు. క్లబ్బులు విదేశీయులను ముందుగా తీసుకునేది ఆ చోటుకే. 2020-21 ఐ-లీగ్‌లో ట్రావ్ జట్టు తరఫున 12 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచిన బిద్యాసాగర్ సింగ్ బెంగళూరు ఎఫ్‌సీకి వెళితే, అక్కడ ఆ చోటులో అప్పటికే సునీల్ ఛెత్రి, బ్రెజిల్ ఆటగాడు క్లేటన్ సిల్వా ఉన్నారు. గోల్స్ వీరుడు బెంచి మీద కూర్చోవలసి వచ్చింది. అందుకే మన కుర్రాడు పదిహేడో ఏటికల్లా వింగ్‌లో కూడా ఆడడం నేర్చుకోవాలి.

ఇప్పుడు మన జిల్లాకు లీగ్ పెడితే ఎలా ఉంటుందో లెక్క చూద్దాం. ఎనిమిది జట్లు, ఒక్కొక్కరితో రెండుసార్లు: 56 మ్యాచ్‌లు. వారానికి నాలుగు చొప్పున 14 వారాలు. జూలై మొదట్లో మొదలుపెడితే అక్టోబరు తొలి వారానికి, ఈశాన్య రుతుపవనాల వానలు దిగకముందే, అయిపోతుంది. బ్రహ్మోత్సవాల వారం తిరుపతి మ్యాచ్‌లను చిత్తూరుకు మార్చుకోవచ్చు. చిత్తూరులో మెసానికల్ గ్రౌండ్, తిరుపతిలో తారకరామ స్టేడియం ఉన్నాయి. మ్యాచ్‌కు ముగ్గురు రెఫరీలు, ఐస్ పెట్టె, స్ట్రెచర్, లైన్లకు ముగ్గు పిండి చాలు. సున్నం మాత్రం వద్దు, చెమట ఒంటితో దాని మీద పడితే చర్మం కాలుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది మ్యాచ్ షీట్: ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఏ నిమిషంలో గోల్, రెఫరీ సంతకం. బయటి కోచ్‌కు చూపించడానికి ఇప్పుడు మన పిల్లల చేతిలో ఉన్నవి కప్పులూ ఫొటోలే.

ఇంత ఖర్చు దేనికని అడిగే పెద్దలకు ఉద్యోగాల మాట చెబితే అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో రాష్ట్రానికి ఆడితే ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం-4 అనే ధ్రువపత్రం కావాలి. జిల్లా టోర్నమెంట్ సర్టిఫికెట్ల కట్ట అక్కడ పనికిరాదు. పిల్లవాణ్ని ఆ స్థాయికి చేర్చేది వారం వారం మ్యాచే. రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25, సడలింపు లేదు.

లీగ్ వచ్చేదాకా పంతొమ్మిదేళ్ల ఫార్వర్డ్ ఊరికే కూర్చోనక్కర్లేదు. చెన్నైలోనూ బెంగళూరులోనూ కింది డివిజన్ లీగ్‌లున్నాయి, చిత్తూరు నుంచి బెంగళూరు నాలుగు గంటల దారి. జట్టుకు ఏడుగురు ఆడే కేరళ సెవెన్స్‌లో మ్యాచ్‌కింత అని చేతికి డబ్బిస్తారు, కానీ ఆ ఆటకు ఫెడరేషన్ గుర్తింపు లేదు, కాలు విరిగితే ఖర్చు సొంతమే. వెళ్లే ముందు ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో మూడింట్లో తేదీ ఒకటే ఉందో లేదో చూసుకోవాలి. ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే ఏఐఎఫ్ఎఫ్ సీఆర్ఎస్‌లో పాత క్లబ్ పేరు మీద ఉంటే, ఆ క్లబ్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతిలో పడ్డాకే బస్సెక్కాలి. డిగ్రీలో చేరి ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) జట్టు సెలక్షన్స్‌కు వెళ్లడం మానకూడదు. ఫారం-3కి దారి విశ్వవిద్యాలయ జట్టొక్కటే.